75వ ఏట పానా పట్టాను

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పది రోజుల క్రితం ఫోను చేసి, "ఈసారి మీరు ఏదైనా మాట్లాడాలి, డి.ఏ. బకాయిల గురించి మాత్రం వద్దు, అది వినీ వినీ మనవాళ్ళకు బి.పి. పెరుగుతోంది" అన్నారు. ఆరోగ్యం గురించి చెప్పడానికి డాక్టరుగారు వచ్చారు. ఆధ్యాత్మికం గురించి చెప్పే అర్హత నాకు లేదు. అందుకని మా కారు గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు ఆగి, "కారు గురించి చెప్పడానికి ఏముంటుందండీ?" అన్నారు. ఉంది. కారు గురించీ ఉంది, 1986లో నేను మన ఆఫీసులో తిప్పి పంపిన ఒక బిల్లు గురించీ ఉంది. ఆ రెండూ ఒకటే సంగతి అని నాకు 2023 కార్తీకమాసంలో గాని తెలియలేదు.

మాది మారుతి 800. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీగారు మొదటి కారు తాళాలు అందజేసిన ఫొటో పేపర్లో చూసినప్పుడు నేను సీనియర్ అసిస్టెంటుని. మనకెందుకులే అనుకొని పేజీ తిప్పేశాను. 2006లో రిటైరయ్యాక కమ్యుటేషను డబ్బుతో అదే కారు కొన్నాను. ఏ.సి. లేని మోడలు. 2021లో రెండు విశేషాలు ఒకేసారి జరిగాయి. 15 ఏళ్ళు నిండి కమ్యూట్ చేసిన భాగం తిరిగి పెన్షనులో కలిసింది. కారుకూ 15 ఏళ్ళు నిండి, తనిఖీ చేసి, రిజిస్ట్రేషను మరో 5 ఏళ్ళకు పొడిగించారు. "మీ ఇద్దరికీ పునర్జన్మే" అంది మా ఆవిడ. ఆ కారు తయారీని కంపెనీవారు 2014 జనవరిలోనే ఆపేశారు. అంటే మాది, మనలాగే, కొత్త నియామకాలు లేని కేడరు.

కారు మాకు హోదా కోసం కాదు. 2023 వేసవిలో మా ఆవిడకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్లు జరిగాయి. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళాలి. ఆటో ఎక్కాలంటే కాలు ఎత్తి, నడుము వంచి, లోపలికి తిరగాలి. ఆ బాధ పడ్డవారికే తెలుస్తుంది. కారులో అయితే ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, ముందు కూర్చొని, తర్వాత కాళ్ళు లోపల పెట్టుకుంటుంది. అబ్బాయి అమెరికాలో, అమ్మాయి బెంగుళూరులో ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే. కాబట్టి ఆ కారు నడవకపోతే ఆవిడ కాళ్ళూ నడవవని లెక్క.

ఆశ్వయుజంలో ఒకరోజు పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్ మని ఆగిపోయింది. బ్యాటరీ డౌన్. దగ్గరలో ఉన్న బ్యాటరీ షాపు కుర్రవాడు వచ్చి, వేరే బ్యాటరీతో స్టార్టు చేసి, ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినలు ఊడబీకాడు. ఇంజను ఒకసారి తడబడి మళ్ళీ నడిచింది. "చూశారా, డైనమో బాగుంది సార్, బ్యాటరీయే పోయింది" అన్నాడు. కొత్త బ్యాటరీ వేయించాను. మూడు వారాలకు అదీ డౌన్ అయింది. షాపు యజమాని చార్జింగు పెట్టి ఇచ్చి, "మీరు కారు సరిగా తిప్పడం లేదు సార్, పెద్దవాళ్ళ కార్లన్నిటికీ ఇదే జబ్బు" అన్నాడు. నేను నమ్మాను.

మా ఆవిడ నమ్మలేదు. పక్కన కూర్చునే మనిషి కదా. "ఏవండీ, సిగ్నలు దగ్గర ఆగినప్పుడు లైట్లు మసకబారుతున్నాయి, మీరు ఎక్సిలేటరు తొక్కితే మళ్ళీ వెలుగుతున్నాయి. ఆ స్పీడు మీటరు పక్కన ఎర్రలైటు కూడా చీకట్లో సన్నగా వెలుగుతోంది" అని నెలరోజుల నుంచి చెబుతోంది. ఎర్రలైటు అంటే గట్టిగా వెలగాలి గాని సన్నగా వెలగడం ఏమిటి, నీ కళ్ళజోడు మార్పించుకో అన్నాను. సభాముఖంగా ఒప్పుకుంటున్నాను, మార్పించుకోవలసినది నేనే.

కార్తీకంలో తెనాలిలో బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళి రాత్రి తిరిగి బయలుదేరాం. దుగ్గిరాల దాటాక లైట్లు పచ్చబడ్డాయి. చూస్తుండగానే కిరసనాయిలు దీపమంత అయ్యాయి. హారను మూలిగింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇటు పొలాలు, అటు కాలవ. ఎదురుగా వచ్చే లారీకి మేము ఉన్నామని తెలియడానికి ఒక్క దీపం లేదు. మా ఆవిడను దింపి గట్టు పక్కన నిలబెట్టి, సెల్‌ఫోను లైటు ఊపుతూ అరగంట నిలుచున్నాను. చివరికి కూలీలను దింపి వస్తున్న ఒక ఆటో ఆగింది. ఆ ఆటోలోకి ఆవిడను ఎక్కించడానికి నేనూ ఆ డ్రైవరూ పట్టిన అవస్థ చెప్పను. తెనాలికే తిరిగి వెళ్ళాం. ఆ రాత్రి ఆవిడ మోకాలు వాచింది.

మర్నాడు పొద్దున బావమరిది చార్జి చేసిన బ్యాటరీ ఒకటి తెచ్చి వేశాడు. లైటు వేయకుండా, హారను కొట్టకుండా, పగటి వెలుగులో కారును నేనొక్కణ్ణే విజయవాడ దాకా తెచ్చాను. ఆవిడను బావమరిది తన కారులో తెచ్చాడు. ఇల్లు చేరేదాకా కనకదుర్గమ్మను తలుచుకుంటూనే ఉన్నాను. అమ్మ దయతో పాటు లెక్క కూడా ఉందని తర్వాత తెలిసింది. రెండు హెడ్‌లైట్లు కలిసి 110 వాట్లు. 12 వోల్టుల మీద అది 9 ఆంపియర్ల పైమాట. అవి ఆర్పేస్తే చార్జింగు లేకపోయినా మంచి బ్యాటరీ కొంతదూరం ఇంజనును నడిపించగలదు. అలాగని ఎవరూ ప్రయత్నించవద్దు. దారిలో ఇంజను ఆగితే మళ్ళీ సెల్ఫ్ కొట్టే ఓపిక ఆ బ్యాటరీకి ఉండదు.

ఆ సాయంత్రం అబ్బాయి ఫోను. "నాన్నగారూ, ఇక చాలు, అమ్మేయండి. ఎక్కడికి కావాలన్నా ఫోనులో టాక్సీ బుక్ చేసుకోవచ్చు. 75 ఏళ్ళ వయసులో నడిరోడ్డు మీద చీకట్లో మీరిద్దరూ... నాకు ఇక్కడ నిద్ర పట్టదు" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. మా పాత మెకానిక్కు కొట్టు మూసి సొంతవూరు వెళ్ళిపోయాడు. ఇంకొకాయన ఫోనులోనే, "ఆ బండికి ఇంకా ఖర్చు పెడతారా?" అన్నాడు. వాడు అమ్మేయమన్నందుకు కాదు గాని, ఏం పోయిందో తెలియకుండా అమ్మడం నాకు ఇష్టం లేకపోయింది. 34 ఏళ్ళు ఫైళ్ళు చూసినవాడిని. కారణం రాయకుండా ఫైలు మూయడం నావల్ల కాదు.

300 రూపాయలు పెట్టి మల్టీమీటరు కొన్నాను. పై అపార్టుమెంటులో ఇంజనీరింగు చదివే కుర్రాడు, "తాతగారూ, ఎర్రవైరు ప్లస్సుకు, నల్లవైరు మైనస్సుకు, ముల్లు డి.సి. 20 దగ్గర" అని చూపించి కాలేజీకి పోయాడు. చార్జి చేసిన బ్యాటరీ ఇంజను ఆపి ఉండగా 12.5 వోల్టులు చూపింది. బాగానే ఉంది. ఇంజను స్టార్టు చేస్తే అది 14 దాకా పెరగాలి. పెరగలేదు, 12.1కి దిగింది. హెడ్‌లైట్లు వేస్తే 11.6. అంటే బ్యాటరీలోంచి పోవడమే గాని, దానిలోకి వచ్చేది ఏమీ లేదు.

మనవాళ్ళకు తేలికగా అర్థమయ్యేట్టు చెబుతాను. బ్యాటరీ అంటే బ్యాంకులో మన నిల్వ. ఆల్టర్నేటరు అంటే నెలనెలా పడే పెన్షను. పెన్షను ఆగిపోయినా నిల్వ ఉన్నన్నాళ్ళు ఇల్లు గడుస్తుంది, ఏమీ తేడా కనిపించదు. ఒకరోజు చెక్కు వాపసు వస్తుంది. అప్పుడు మనం ట్రెజరీకి వెళ్ళి పెన్షను ఎందుకు ఆగిందో కనుక్కోవాలి గాని, కొత్త పాసుబుక్కు తీసుకుంటే ఏం లాభం? నేను నెలరోజుల్లో చేసింది అదే.

ఆల్టర్నేటరును మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే అంటారు. పాత అంబాసిడర్లకు, జీపులకు ఉండేది డైనమోయే. అందులో పుట్టిన కరెంటు మొత్తం కార్బన్ల గుండానే బయటికి రావాలి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది దాదాపు ఏమీ ఇవ్వదు. ఆల్టర్నేటరులో ఏర్పాటు తిరగబడింది. లోపల తిరిగే చుట్టకు కార్బన్ల ద్వారా కొద్దిపాటి కరెంటు ఇచ్చి అయస్కాంతంగా చేస్తారు. అది తిరుగుతుంటే బయట కదలకుండా ఉన్న చుట్టలలో అసలు కరెంటు పుడుతుంది. అది ఏ.సి. కరెంటు, బ్యాటరీకి పనికిరాదు. డయోడ్లు దాన్ని డి.సి.గా మారుస్తాయి. డయోడు అంటే ఒకవైపే తెరుచుకునే తలుపు. అవి చౌకగా దొరకడం మొదలయ్యాకే ఇది కార్లకు వచ్చింది. అమెరికాలో క్రైస్లర్ కంపెనీవారు 1960 మోడలు వేలియంట్ కారుకు దీన్ని పెట్టారు, తర్వాత అందరూ ఆ దారి పట్టారు. ఎంత కరెంటు పుట్టినా వోల్టేజి 14 చిల్లరకు మించకుండా చూసే రెగ్యులేటరు ఒకటి ఉంటుంది. పాత రోజుల్లో దాని పనిని విడిగా ఉండే కటౌటు పెట్టె చేసేది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినలు ఊడదీసి చూడడం డైనమోల కాలం నాటి అలవాటు. ఆల్టర్నేటరు ఉన్న కారుకు అది చేయకూడదు. బ్యాటరీ ఆసరా ఒక్కసారిగా తొలగిపోతే వోల్టేజి ఎగిరిపడుతుంది, డయోడ్లు కాలిపోతాయి, ఇప్పటి కార్లలో కంప్యూటరు కూడా పోవచ్చు. మా కారుకు ఆ షాపు కుర్రవాడు అలా పీకిన రోజే డయోడు పోయిందో, అంతకు ముందే పోయిందో నేను చెప్పలేను. సన్నగా వెలిగే ఎర్రలైటును మా ఆవిడ అంతకు ముందే చూసిందిగనుక, ఆ కుర్రవాడి మీద నేరం మోపడం న్యాయం కాదు.

సరే, విప్పడం మొదలుపెట్టాను. బానెట్టు ఎత్తి, ముందుగా బ్యాటరీ మైనస్ టెర్మినలు తీశాను. ఇది అన్నిటికంటె ముఖ్యం. ఆల్టర్నేటరు వెనక లావుపాటి వైరు బ్యాటరీ ప్లస్సు నుంచి నేరుగా వస్తుంది, తాళం తీసి జేబులో వేసుకున్నా అందులో కరెంటు ఉంటుంది. పానా పొరపాటున దానికీ ఇంజనుకూ ఆనిందంటే మెరుపులు, మంటలు. మైనస్ తీశాక ఇక భయం లేదు. బెల్టు చూశాను. తెగలేదు గాని అడుగు భాగం ఎండిన చెరువులా బీటలు వారింది. వెనక రబ్బరు టోపీ కింద లావువైరు నట్టు విప్పాను. రెండు సన్నవైర్ల కప్లరు ఊడదీశాను. ఏ వైరు ఎక్కడ ఉందో విప్పకముందే కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. సెల్‌ఫోనుతో ఫొటో తియ్యవచ్చు కదా అంటారు. ఆ ఆలోచన నాకు తర్వాత వచ్చింది.

ఆల్టర్నేటరును పట్టి ఉంచేవి రెండు బోల్టులు. ఒకటి పొడుగు గాడి ఉన్న పట్టీలో ఉంటుంది, బెల్టు బిగువు సర్దేది అక్కడే. అది వచ్చింది. రెండోది కిందివైపు పొడుగు బోల్టు, ఆల్టర్నేటరు కీలు లాగా ఊగేది దాని మీద. అది రాలేదు. 17 ఏళ్ళ తుప్పు. కిరసనాయిలు పోశాను. పానా మీద బలమంతా పెట్టాను. పానా జారి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. రెండోసారి జారినప్పుడు నట్టు మూలలు అరగడం కనిపించి ఆపేశాను. మూలలు పూర్తిగా అరిగితే ఆ నట్టు ఇక కోసి తీయవలసిందే. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట. మంగళవారం. బుధవారం ఫిజియోథెరపీ. పార్కింగులో పక్కవాళ్ళు కారు కొంచెం జరపమన్నారు. బెల్టు వదులు చేశాక ఇంజను స్టార్టు చేయకూడదు, ఈ కారుకు నీళ్ళ పంపు తిప్పేది కూడా ఆ బెల్టే. ఇద్దరం తోశాం, అంటే నేనూ వాచ్‌మనూ.

మా ఆవిడ కుర్చీ వేసుకొని టార్చి పట్టుకొని కూర్చుంది. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "మీ ఆఫీసు జీపు డ్రైవరుగారు గుణదలలోనే ఉన్నారుగా, ఆయన్ను పిలవకూడదూ?" అంది.

ఎందుకు పిలవకూడదో చెబుతాను. ఆయన పేరు చెప్పను, చెప్పవద్దన్నారు. ఈ హాల్లోనే ఉన్నారు. 1986లో ఆయన మా సబ్ డివిజను జీపు నడిపేవారు. కాలవ గట్ల మీద, ఎండాకాలం మోకాలిలోతు దుమ్ములో, వరదల్లో రాత్రీ పగలూ. ఆ ఏడు జీపు డైనమో రిపేరుకు 85 రూపాయల బిల్లు పెట్టారు. బిల్లు నా సీటుకు వచ్చింది. ఆర్నెల్ల కిందటే అదే డైనమోకు అదే రిపేరు బిల్లు పాసయి ఉంది. నేను ఎర్రసిరాతో రాశాను: "ఇదే పనికి ఆరు మాసముల క్రితం వ్యయము చేయబడినది. మరల ఎందులకు అవసరమైనదో సంజాయిషీ ఇవ్వవలెను." ఆయన సంజాయిషీ రాసిచ్చారు, కార్బన్లు అరిగినవి, లోపల గాడి పడినది, దుమ్ము వలన అని. నేను మళ్ళీ రాశాను: "సమాధానము తృప్తికరముగా లేదు." బిల్లు మూడోసారి రాలేదు. అప్పటికే ఆయన తన జేబులోంచి ఇచ్చి రిపేరు చేయించారు. వరదలు ఆగవు కదా. ఆ డబ్బు ఆయనకు రాలేదు. పైగా ఆఫీసులో కొందరు ఆయన డైనమో పేరు చెప్పి డబ్బు తింటున్నాడని అనుకున్నారు. నేను అనలేదు. అలాగని ఖండించనూ లేదు. నిబంధనల ప్రకారం నేను రాసింది తప్పు కాదని నాకు చాలా ఏళ్ళు గట్టి నమ్మకం.

సంఘం సమావేశాల్లో ఎదురైనప్పుడు ఆయన నమస్కారం పెట్టేవారు, నేను ప్రతినమస్కారం చేసేవాడిని. అంతకు మించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఫోను చేశాను. "ఎవరండీ?" అన్నారు. పేరు చెప్పాను. కొంచెంసేపు నిశ్శబ్దం. "చెప్పండి సార్" అన్నారు. చెప్పాను. ముప్పావుగంటలో మోపెడ్ మీద వచ్చారు, సీటు కింద గోనెసంచిలో సామాను. నట్టు వంక చూసి, "కిరసనాయిలు పోశారు, మంచిదే. కానీ మీరు పోసిన వెంటనే లాగారు. అది లోపలికి దిగాలి సార్. ముందు కాఫీ తాగుదాం" అన్నారు. కాఫీ తాగేలోగా రెండుమూడుసార్లు వెళ్ళి బోల్టు తల మీద సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేసి వచ్చారు. తర్వాత రింగుపానా తగిలించి, దానికి ఇనప గొట్టం తొడిగి, నా చేతికిచ్చారు. "మీరే విప్పండి. ముందు విప్పేవైపు కాదు, బిగించేవైపు వెంట్రుకవాసి కదపండి. తుప్పు పట్టు వదులుతుంది. తర్వాత ఇటు." అలాగే చేశాను. పటుక్కున శబ్దం వచ్చింది. విరిగిందనుకొని నా గుండె జారింది. "వచ్చింది సార్" అన్నారాయన.

ఆల్టర్నేటరు చేతికి వచ్చింది. కొబ్బరికాయంత ఉంటుంది గాని బరువు. గోనెసంచిలో పెట్టుకొని ఇద్దరం ఆటోలో జవహర్ ఆటోనగర్ వెళ్ళాం. అక్కడ ఆయనకు తెలిసిన ఎలక్ట్రికల్ కొట్టులో ఒక పాతికేళ్ళ కుర్రాడు దాన్ని అయిదు నిమిషాల్లో విప్పేశాడు. ఊదితే నల్లపొడి లేచింది. కార్బన్లు వేలెడు ఉండవలసినవి గోరంత మిగిలాయి. అవి రాసుకునే రాగి రింగుల మీద గోరు పెట్టి చూడమన్నాడు. గాడి పడి ఉంది. డయోడు ప్లేటు ఒకవైపు మాడింది. బేరింగు తిప్పితే ఇసుక రాలినట్టు శబ్దం.

నేను మామూలుగా అడిగాను, "బాబూ, కార్బన్లు మారిస్తే సరిపోదా, తక్కువలో పోతుంది కదా?" అని. ఆ కుర్రాడు తల ఎత్తకుండానే అన్నాడు: "మారుస్తానండీ. కానీ గాడి పడిన రింగు మీద కొత్త కార్బన్ ఏసినా ఆగదు, ఆర్నెల్లకు మళ్ళీ ఇదే రిపేరుకు వస్తారు. దుమ్ములో తిరిగే బండైతే ఇంకా ముందే."

ఆర్నెల్లకు. అదే రిపేరుకు. దుమ్ము. 37 ఏళ్ళ తర్వాత సంజాయిషీ తృప్తికరంగా అందింది. పక్కన మన డ్రైవరుగారు గోడ మీద క్యాలెండరు కేసి చూస్తున్నారు. ఏమీ అనలేదు.

లోపలి భాగాలన్నీ మార్చి సిద్ధంగా ఉంచిన ఆల్టర్నేటరు ఒకటి, పాతది ఇచ్చేస్తే 2,400 రూపాయలకు ఇచ్చారు. పుల్లీ, బోల్టుల రంధ్రాలు, కప్లరు మాదాని లాగే ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. కొత్త బెల్టూ కొన్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెప్పాను. పెద్ద మాటలేమీ రాలేదు నాకు. "ఆ 85 రూపాయల బిల్లు నేను పాస్ చేయవలసింది" అన్నాను. ఆయన బెంజి సర్కిల్ దాటేదాకా బయటికి చూస్తూ కూర్చున్నారు. తర్వాత అన్నారు, "డబ్బు సంగతి ఎప్పుడో మరిచిపోయాను సార్. మా మామగారు అప్పట్లో మీ ఆఫీసులో ఒకరి దగ్గర ఆ మాట విన్నారు, డైనమో పేరు చెప్పి తింటున్నానని. ఆయన పోయేదాకా నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. అదొక్కటే." నా దగ్గర జవాబు లేదు. ఆయన అనుమతి తీసుకొనే ఈ మాట ఇక్కడ చెబుతున్నాను. ఆ రోజు ఆఫీసులో ఆ మాట విన్నవారు, అన్నవారు ఇప్పటికీ కొందరు ఈ హాల్లో ఉన్నారు. ఆ బిల్లు సక్రమమైన బిల్లు. అభ్యంతరం రాసినవాడు తెలియక రాశాడు, తెలుసుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

బిగించడం విప్పినంత కష్టం కాదు, కాని అక్కడా నేను రెండు తప్పులు చేశాను. కింది బోల్టు పూర్తిగా బిగించకుండా పట్టించి, బెల్టు వేసి, సుత్తి పిడితో ఆల్టర్నేటరును ఇంజనుకు దూరంగా నెట్టి పట్టుకొని, గాడిపట్టీ బోల్టు బిగించాలి. నెట్టేటప్పుడు కర్ర ముందువైపు గట్టి భాగం మీద ఆనాలి, డయోడ్లు ఉండే వెనక మూత మీద కాదు. నేను వీణతీగలాగా బిగించాను. ఆయన రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కి, "ఇంత బిగువైతే కొత్త బేరింగు పోతుంది, నీళ్ళ పంపు బేరింగూ పోతుంది. వదులైతే బెల్టు కీచుమంటుంది, చార్జింగు రాదు. వేలితో గట్టిగా నొక్కితే ఒక సెంటీమీటరు లోపలికి పోవాలి" అని మళ్ళీ విప్పించారు.

వైర్లన్నీ తగిలించి, చార్జి చేసి ఉంచిన బ్యాటరీకి ఈసారి మైనస్ ఆఖరున కలిపి, తాళం తిప్పాను. ఎర్రలైటు వెలగలేదు. నేను సంతోషించాను, లైటు పోయింది, బాగుపడిందని. డ్రైవరుగారు నవ్వి, "ఇంజను స్టార్టు చేయకముందు వెలగాలి సార్, స్టార్టయ్యాక ఆరాలి. ముందే వెలగకపోతే ఏదో తగలలేదు" అన్నారు. నేను గీసుకున్న బొమ్మ తీసి చూశాం. కప్లరు సగమే కూర్చుంది. క్లిక్ మనేదాకా నొక్కాను. ఈసారి వెలిగింది. సెల్ఫ్ కొట్టాను. ఇంజను అందుకుంది, ఎర్రలైటు ఆరిపోయింది. మా ఆవిడ కుర్చీలోంచి, "పూర్తిగా ఆరిందా, సన్నగా ఉందా సరిగ్గా చూడండి" అంది. చీకటి పడింది గనుక తెలుస్తుంది. పూర్తిగా ఆరింది. మల్టీమీటరు 14.2 చూపింది. హెడ్‌లైట్లు వేస్తే 13.9. మా పార్కింగు గోడ మీద అంత వెలుగు నేను ఏడాదిగా చూడలేదు.

అబ్బాయికి ఫోను చేశాం. మీటరు ఫొటో పంపించాం. "ఎవరు చేశారు నాన్నగారూ?" అన్నాడు. "నేనే" అన్నాను. పక్కనుంచి మా ఆవిడ, "అబద్ధం, ముగ్గురం" అంది. అమ్మేయమని వాడు ఇంకా అంటూనే ఉన్నాడు. రాత్రిపూట ఊరు దాటి వెళ్ళనని మాట ఇచ్చాను, పగటి ప్రయాణాలకు వాడు ఒప్పుకున్నాడు.

మర్నాడు బుధవారం పదింటికి ఫిజియోథెరపీకి వెళ్ళాం. వారం తిరిగాక కొత్త బెల్టు కొంచెం సాగితే మళ్ళీ సర్దాను, ఈసారి ఒక్కణ్ణే. మా ఆవిడ ఇప్పుడు చేతికర్ర లేకుండా నడుస్తోంది.

85 రూపాయలు కవరులో పెట్టి ఇవ్వబోతే డ్రైవరుగారు తీసుకోలేదు. "అరియర్సు వడ్డీతో కలిపి లెక్క వేసి, బిల్లు మూడు కాపీల్లో పెడతాను సార్, అభ్యంతరం రాయకండి" అన్నారు.

ఆ మల్టీమీటరు మన సంఘ కార్యాలయంలో బీరువా పక్క మేజాబల్ల సొరుగులో ఉంచాను. కారు గాని, ఇన్వర్టరు గాని ఉన్నవారు బ్యాటరీ కొనేముందు తీసుకువెళ్ళి చూసుకోవచ్చు. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 14 దగ్గర ఉంటే కారు వరకు దిగులు లేదు. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకువెళ్ళండి, తిరిగి తెచ్చి పెట్టండి. వాడడం తెలియనివారికి మూడో వరుసలో కూర్చున్న డ్రైవరుగారు చూపిస్తానన్నారు. ఈ మాటతో ఆయన ఎవరో మీకు తెలిసిపోయింది గనుక నన్ను మన్నించాలి.